పిత్తాశయంలో రాళ్లు: నిష్పత్తి తప్పేది ఎక్కడ?

లిపిడ్ ప్రొఫైల్‌లో ఎల్‌డీఎల్ హద్దులోనే ఉంటుంది. కడుపు స్కానింగ్‌లో మాత్రం పిత్తాశయంలో రాళ్లు కనిపిస్తాయి. ‘కొలెస్ట్రాల్ లేదన్నారు కదా, మరి ఇవెలా వచ్చాయి?’ అన్న సందేహం సహజం. పిత్తాశయ రాళ్లలో ఎక్కువ భాగం కొలెస్ట్రాల్‌వే. అయినా రక్తంలోని మొత్తం కొలెస్ట్రాల్‌కు గానీ, ఎల్‌డీఎల్‌కు గానీ వీటితో నిలకడైన సంబంధం పరిశోధనల్లో దొరకలేదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవారిలో ముప్పు పెరుగుతుందని మాత్రం తేలింది. అసలు చూడాల్సింది కాలేయం తయారుచేసే పైత్యరసం (బైల్)లోని నిష్పత్తిని: ఒకవైపు కొలెస్ట్రాల్, మరోవైపు దాన్ని కరిగిన స్థితిలో నిలిపే బైల్ ఆమ్లాలు, ఫాస్ఫోలిపిడ్లు. ఆ నిష్పత్తి చెడిన పైత్యరసం పిత్తాశయంలో ఎంతకాలం కదలకుండా ఉండిపోయిందన్నది రెండో ప్రశ్న. ఈ రెండూ సాధారణ రక్తపరీక్షలో కనిపించవు.

శరీరం కొలెస్ట్రాల్‌ను తయారుచేసుకోగలదు గానీ విరగ్గొట్టలేదు. నాలుగు వలయాల స్టెరాల్ చట్రాన్ని ఛేదించే ఎంజైములు మనిషి కణాల్లో లేవు. కాబట్టి అదనపు కొలెస్ట్రాల్‌కు ప్రధానమైన దారి కాలేయం మీదుగా పేగులోకే. అక్కడికి అది రెండు రూపాల్లో చేరుతుంది. కొంత కొలెస్ట్రాల్‌గానే పైత్యరసంలో కలుస్తుంది. ఇది రోజుకు సుమారు 1 గ్రాము. మరికొంత బైల్ ఆమ్లాలుగా మారుతుంది. కొత్తగా తయారయ్యేది రోజుకు అర గ్రాము అటూఇటూ. రెండో రూపానికి ఒక ప్రత్యేకత ఉంది. కొలెస్ట్రాల్ నీటిలో దాదాపు కరగదు. దాని నుంచే పుట్టిన బైల్ ఆమ్లం నీటిలో కరగడమే కాక, డిటర్జెంట్‌లా పనిచేసి మిగిలిన కొలెస్ట్రాల్‌ను కూడా మోసుకుపోతుంది. వ్యర్థం నుంచే దాన్ని కడిగే ద్రావకం తయారవుతుందన్నమాట.

కొలెస్ట్రాల్ మొదట శాస్త్రజ్ఞుల చేతికి చిక్కింది కూడా 18వ శతాబ్దంలో, పిత్తాశయ రాళ్ల నుంచే. బైల్ ఆమ్లాల నిర్మాణంపై చేసిన కృషికి హైన్రిష్ వీలాండ్‌కు 1927 నోబెల్, స్టెరాల్‌ల మీద పనికి అడాల్ఫ్ విండౌస్‌కు 1928 నోబెల్ దక్కాయి. రెండు వర్గాల అణువుల చట్రమూ ఒక్కటేనన్న సంగతి ఆ దశాబ్దాల్లోనే స్థిరపడింది.

బైల్ ఆమ్లాల చక్రం

కాలేయ కణంలో కొలెస్ట్రాల్‌ను బైల్ ఆమ్లంగా మార్చే ప్రధాన మార్గానికి తాళంచెవి సీవైపీ7ఏ1 అనే ఎంజైము. అది స్టెరాల్ చట్రంలో ఏడో కార్బన్ మీద హైడ్రాక్సిల్ సమూహాన్ని చేరుస్తుంది. మొత్తం వేగం ఈ మెట్టు మీదే ఆధారపడి ఉంటుంది. తర్వాతి మెట్లలో సీవైపీ8బీ1 అనే మరో ఎంజైము పన్నెండో కార్బన్ మీద కూడా హైడ్రాక్సిల్ చేరిస్తే కోలిక్ ఆమ్లం వస్తుంది, చేర్చకపోతే కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం. ఈ రెండింటికీ గ్లైసిన్ గానీ టారిన్ గానీ జతపడ్డాకే అవి పైత్యరసంలోకి వెళ్తాయి. మనిషిలో గ్లైసిన్ జత ఉన్నవి టారిన్ జత ఉన్నవాటికి దాదాపు మూడు రెట్లు.

పేగులోకి వచ్చిన బైల్ ఆమ్లాల్లో 95 శాతం వరకు చిన్నపేగు చివరి భాగంలో తిరిగి పీల్చుకోబడి, పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరతాయి. శరీరంలో మొత్తం నిల్వ 2 నుంచి 4 గ్రాములే అయినా, అదే సరుకు రోజుకు 4 నుంచి 12 సార్లు తిరుగుతుంది. మలంలో పోయే అర గ్రామును మాత్రమే కాలేయం కొత్తగా భర్తీ చేస్తుంది. పెద్దపేగుకు జారిన కొద్ది భాగం మీద బ్యాక్టీరియా పనిచేస్తుంది. ముందు గ్లైసిన్, టారిన్ జతలను ఊడగొడుతుంది, తర్వాత ఏడో కార్బన్ మీది హైడ్రాక్సిల్‌ను తీసేస్తుంది. అలా కోలిక్ ఆమ్లం డీఆక్సీకోలిక్‌గా, కీనోడీఆక్సీకోలిక్ లిథోకోలిక్‌గా మారతాయి. ఏడో స్థానంలోని హైడ్రాక్సిల్ దిశ తిరగబడితే అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం వస్తుంది. చూడటానికి చిన్న మార్పు. మందుగా దాని ప్రవర్తన మాత్రం పూర్తిగా వేరు.

ఉత్పత్తికి అదుపు ఎక్కడుందన్నది చాలాకాలం అంతుపట్టలేదు. 1999లో మూడు పరిశోధన బృందాలు విడివిడిగా ఒకే సమాధానానికి చేరాయి. కణ కేంద్రకంలో జన్యువులను నడిపే ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే గ్రాహకానికి సహజ సంకేతం బైల్ ఆమ్లాలే. చిన్నపేగు చివర బైల్ ఆమ్లం లోపలికి వచ్చినప్పుడు ఎఫ్‌ఎక్స్‌ఆర్ మేల్కొని ఎఫ్‌జీఎఫ్19 అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. అది రక్తంలో కాలేయానికి చేరి సీవైపీ7ఏ1ను అణచివేస్తుంది. ‘సరుకు తిరిగి వస్తోంది, కొత్తది చేయకు’ అన్న కబురు అది. కొలెస్టిరమిన్ లాంటి రెజిన్ మందులు పేగులో బైల్ ఆమ్లాలను పట్టేసుకుని ఈ కబురును ఆపేస్తాయి. కాలేయం కొలెస్ట్రాల్‌ను ఖర్చుచేసి కొత్త బైల్ ఆమ్లాలు తయారుచేయాల్సి వస్తుంది. అందుకు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఎల్‌డీఎల్ తగ్గేది అలా.

మూడు పంపులు, ఒక త్రికోణం

కాలేయ కణానికీ పైత్యనాళికకూ మధ్య పొరలో మూడు పంపులు కీలకం. బీఎస్ఈపీ బైల్ ఆమ్లాలను, ఏబీసీబీ4 ఫాస్ఫోలిపిడ్లను, జంటగా పనిచేసే ఏబీసీజీ5, ఏబీసీజీ8 కొలెస్ట్రాల్‌ను బయటికి తోస్తాయి. మూడో పంపు చురుకైతే రక్తం నుంచి కొలెస్ట్రాల్ ఎక్కువగా బయటపడుతుంది. గుండెకు అది మంచిదే, పిత్తాశయానికి కాదు. ఏబీసీజీ8లో 19వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు హిస్టిడిన్ ఉండే డీ19హెచ్ రకం ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని 2007లో వెలువడిన జన్యు అధ్యయనం చూపింది. రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగా ఉండీ రాళ్లు రావడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

కొలెస్ట్రాల్ ఎంతవరకు కరుగుతుందో 1968లో అడ్మిరాండ్, స్మాల్ ఒక త్రికోణ రేఖాచిత్రంలో చూపారు. మూడు భుజాల మీద మూడు లిపిడ్ల వాటాలు, లోపల ఒక గీత. గీతకు లోపలి వైపు ఉన్న పైత్యరసంలో కొలెస్ట్రాల్ మైసెల్స్‌లో (బైల్ ఆమ్లాలు, ఫాస్ఫోలిపిడ్లు కలిసి కట్టే సూక్ష్మ గుళికల్లో) హాయిగా ఇముడుతుంది. అవతలి వైపు అతిసంతృప్తం, అంటే కరిగే హద్దును మించిన కొలెస్ట్రాల్. 1978లో కేరీ ఈ పరిమితులను పట్టికలుగా ఇచ్చాక, కొలెస్ట్రాల్ సంతృప్త సూచికను లెక్కకట్టడం మామూలైంది.

లెక్క ఇలా సాగుతుంది. ఒక నమూనాలో లీటరుకు బైల్ ఆమ్లాలు 120 మిల్లీమోల్స్, ఫాస్ఫోలిపిడ్లు 35, కొలెస్ట్రాల్ 15 ఉన్నాయనుకుందాం. మొత్తం 170. అందులో కొలెస్ట్రాల్ వాటా 8.8 మోల్ శాతం. ఫాస్ఫోలిపిడ్లను, అవీ బైల్ ఆమ్లాలూ కలిసిన మొత్తంతో భాగిస్తే 0.23. ఈ నిష్పత్తికి, మొత్తం లిపిడ్ల గాఢతకు పట్టికలో ఉన్న గరిష్ఠ పరిమితి 8 మోల్ శాతం అనుకుంటే సూచిక 8.8 భాగించు 8, అంటే 1.1. ఒకటి దాటింది కాబట్టి అతిసంతృప్తం. తప్పు ఎక్కువగా జరిగేది గాఢత దగ్గరే. వాటాలు ఒకటే అయినా పలచని పైత్యరసంలో పరిమితి పడిపోతుంది. కాలేయం నుంచి నేరుగా తీసిన పైత్యరసం, పిత్తాశయంలో నీరు పీల్చుకుపోయి చిక్కబడ్డ పైత్యరసం కంటే ఎక్కువ అతిసంతృప్తంగా కనిపించడానికి కారణం ఇదే. మొత్తం లిపిడ్ల గాఢత చెప్పకుండా సూచిక మాత్రమే ఇచ్చే నివేదికను అంతగా నమ్మనక్కర్లేదు.

నమూనా సేకరణలోనూ పొరపాట్లు దొర్లుతాయి. చిన్నపేగు మొదటి భాగం నుంచి గొట్టంతో తీసిన రసంలో క్లోమ ఎంజైములు కలిసి ఉంటాయి. వెంటనే వాటిని నిర్వీర్యం చేయకపోతే లెసిథిన్ (పైత్యరసంలోని ప్రధాన ఫాస్ఫోలిపిడ్) విరిగిపోయి సూచిక అబద్ధంగా పెరుగుతుంది. రాత్రంతా ఉపవాసం తర్వాత తీసిన నమూనా కూడా ఎక్కువ సూచికే చూపుతుంది. బైల్ ఆమ్లాల స్రావం తగ్గినప్పుడు కొలెస్ట్రాల్ స్రావం అదే మేరకు తగ్గకపోవడమే అందుకు కారణం. విడివిడి బైల్ ఆమ్లాలను, అణువులను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచేవారికి ఇంకో చిక్కుంది. కీనోడీఆక్సీకోలిక్, డీఆక్సీకోలిక్, అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లాల ద్రవ్యరాశి ఒక్కటే. ముందు క్రొమటోగ్రఫీ కాలమ్ వాటిని సరిగా విడదీయకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా మూడింటినీ ఒకటిగానే లెక్కిస్తుంది.

అతిసంతృప్తమైనా రాయి ఎందుకు రాదు?

అతిసంతృప్తమైతే చాలు రాయి వస్తుందన్న పాత సిద్ధాంతం ఇక్కడే చిక్కుల్లో పడింది. రాళ్లు లేని ఎంతోమందిలోనూ పైత్యరసం అతిసంతృప్తంగానే ఉంటుంది. 1979లో హోలన్, హోల్జ్‌బాక్ బృందం పైత్యరసాన్ని స్ఫటికాలు లేకుండా శుద్ధిచేసి, 37 డిగ్రీల వద్ద ఉంచి, మొదటి స్ఫటికం ఎన్ని రోజులకు కనిపిస్తుందో చూసింది. కొలెస్ట్రాల్ రాళ్లున్నవారి నమూనాల్లో అది సగటున 3 రోజుల్లోపే కనిపించింది. లేనివారి నమూనాల్లో సుమారు 15 రోజులు పట్టింది. సంతృప్తత ఒకేలా ఉన్నప్పుడు కూడా తేడా నిలిచింది. ఈ ‘న్యూక్లియేషన్ సమయం’ అన్న భావన పరిశోధనను కాలేయం నుంచి పిత్తాశయం వైపు మళ్లించింది.

తొందరపెట్టేవాటిలో ముందు చెప్పుకోవాల్సింది పిత్తాశయ గోడ స్రవించే మ్యూసిన్ జిగురు. అదనపు కొలెస్ట్రాల్ మొదట ఫాస్ఫోలిపిడ్లతో కలిసి సన్నని బుడగలుగా ఉంటుంది. అవి ఒకదాన్నొకటి అంటుకుని బహుళ పొరల బుడగలవుతాయి, వాటి నుంచి కొలెస్ట్రాల్ మోనోహైడ్రేట్ పలకలు పొడుచుకొస్తాయి. ధ్రువీకృత కాంతి కింద మూల విరిగిన చతురస్రాల్లా కనిపించేవి ఇవే. మ్యూసిన్ వాటిని పట్టి ఉంచుతుంది. అతి కొలెస్ట్రాల్ గోడలోని కండర కణాల్లోకి కూడా చేరి పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేసే కోలిసిస్టోకైనిన్ హార్మోన్‌కు స్పందనను మందగింపజేస్తుంది. పిత్తాశయం సరిగా ముడుచుకోదు, స్ఫటికాలు బయటికి కొట్టుకుపోవు. అంటే రాయికి కారణమైన కొలెస్ట్రాలే రాయి బయటపడే దారినీ మూసేస్తుంది. స్ఫటికాలను ఒకచోట ముద్దకట్టించడంలో న్యూట్రోఫిల్ తెల్లకణాలు వదిలే డీఎన్ఏ వలల పాత్ర ఉందని 2019లో వెలువడిన పరిశోధన ఒకటి చూపింది. రాయి పుట్టుకలో రోగనిరోధక వ్యవస్థకు ఇంత నేరుగా చోటు ఉంటుందని అంతకుముందు ఎక్కువమంది ఊహించలేదు.

పైత్యరసం అతిసంతృప్తం కావడం, పిత్తాశయంలో కదలకుండా ఉండిపోవడం అన్న ఈ రెండు షరతులు తెలిశాక ముప్పు జాబితాను బట్టీపట్టనక్కర్లేదు. ఈస్ట్రోజెన్ పైత్యరసంలోకి కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, ప్రొజెస్టరాన్ పిత్తాశయాన్ని మందగింపజేస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు రెండూ కలుస్తాయి. అప్పుడు ఏర్పడే బురదలాంటి మడ్డి చాలామందిలో కాన్పు తర్వాత దానంతట అదే పోతుంది. ఆక్ట్రియోటైడ్ అనే మందు కోలిసిస్టోకైనిన్ విడుదలను అడ్డుకుంటుంది. ఫైబ్రేట్లు ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తూనే సీవైపీ7ఏ1ను అణచి, పైత్యరసంలో కొలెస్ట్రాల్ వాటాను పెంచుతాయి. వారసత్వానికి తిరుగులేని ఉదాహరణ అమెరికాలోని పీమా ఆదివాసులు: 25 ఏళ్లు దాటిన మహిళల్లో 70 శాతానికి పైగా పిత్తాశయ వ్యాధి ఉన్నట్టు 1970లోనే నమోదైంది.

వేగంగా బరువు తగ్గడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముందే ఆపగలిగిన సందర్భం ఇదే. వారానికి 1.5 కిలోలకు మించి తగ్గుతుంటే కొవ్వు కణజాలంలో దాగిన కొలెస్ట్రాల్ కాలేయానికి, అక్కడి నుంచి పైత్యరసానికి వస్తుంది. అదే సమయంలో తిండిలో కొవ్వు దాదాపు లేకపోతే పిత్తాశయం ముడుచుకోదు. కొవ్వును పూర్తిగా మానేయడం మంచిదన్న నమ్మకం ఇక్కడ ఎదురుతిరుగుతుంది. ఒక పూట భోజనంలోనైనా 10 గ్రాముల వరకు కొవ్వు ఉంటే పిత్తాశయం బాగా ఖాళీ అవుతుంది. బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత 6 నెలల పాటు అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం ఇచ్చి చూసిన 1995 నాటి పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 32 శాతం మందికి, రోజుకు 600 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో 2 శాతం మందికి రాళ్లు వచ్చాయి. నివారణలో ఇంత స్పష్టమైన తేడా అరుదు.

కరిగించే మందు ఎవరికి పనిచేస్తుంది?

మందుతో రాయిని కరిగించవచ్చని 1972లో కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లంతో నిరూపితమైంది. దశాబ్దం తిరగకముందే ఆశ తగ్గింది. 1981లో వెలువడిన అమెరికా జాతీయ సహకార అధ్యయనంలో 916 మంది పాల్గొన్నారు. రోజుకు 750 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు వేసుకున్నవారిలో రాళ్లు పూర్తిగా కరిగింది 13.5 శాతం మందికే. పైగా విరేచనాలు, కొందరిలో కాలేయానికి దెబ్బ, ఎల్‌డీఎల్ పెరుగుదల. చివరిదానికి ఈనాడు జవాబు సులువు. కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను మిగతా బైల్ ఆమ్లాలన్నిటికంటే గట్టిగా తడుతుంది. సీవైపీ7ఏ1 పడుకుంటుంది, కొలెస్ట్రాల్ బైల్ ఆమ్లంగా మారడం తగ్గుతుంది. అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లానికి ఆ గుణం లేదు. అది పేగులో కొలెస్ట్రాల్ శోషణను, పైత్యరసంలోకి స్రావాన్ని తగ్గిస్తుంది. రాయి ఉపరితలం నుంచి కొలెస్ట్రాల్‌ను ద్రవ స్ఫటికాలుగా ఊడదీస్తుంది. అందుకే మొదటి మందు స్థానాన్ని ఇది ఆక్రమించింది.

మోతాదు కిలో బరువుకు రోజుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములు. విఫలమయ్యేది ఎక్కువగా మందు వల్ల కాదు, రోగుల ఎంపిక వల్ల. పిత్తాశయం నుంచి వచ్చే నాళం తెరిచి ఉండాలి, పిత్తాశయం నిండి ఖాళీ అవుతుండాలి. లేకపోతే మందు కలిసిన పైత్యరసం రాయిని తాకనే తాకదు. రాయిలో కాల్షియం ఉండకూడదు. రాళ్లలో ఎక్స్‌రేలో కనిపించేవి 10 నుంచి 20 శాతమే కాబట్టి, ఎక్స్‌రేలో కనపడలేదంటే రాయి లేదని అర్థం కాదు. రాయి ఉందో లేదో తేల్చేది అల్ట్రాసౌండ్. వర్ణక రాళ్లకు ఈ మందు దండగ. రక్తకణాలు ఎక్కువగా విరిగేవారిలో, సిర్రోసిస్‌లో వచ్చే నల్లరాళ్లు, నాళాల్లో ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడే గోధుమరంగు రాళ్లు కాల్షియం బిలిరుబినేట్‌తో కూడినవి. చిన్నపేగు చివరి భాగం దెబ్బతిన్నవారిలో కూడా వర్ణక రాళ్లు వస్తాయి. పీల్చుకోబడని బైల్ ఆమ్లాలు పెద్దపేగులో బిలిరుబిన్‌ను కరిగించి మళ్లీ కాలేయానికి పంపుతాయి.

పరిమాణం కూడా లెక్కే. రాయి ఉపరితలం నుంచి కరుగుతుంది, వ్యాసం నెలకు సుమారు 1 మిల్లీమీటరు తగ్గుతుంది. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లకు అవకాశం బాగుంటుంది, 15 మిల్లీమీటర్ల దానికి ఏడాది దాటినా చాలదు. ఆరునెలలకోసారి స్కానింగ్ చేసి, ఏడాదిలో కొంతైనా తగ్గకపోతే ఆపేయడమే మేలు. రాయి మాయమయ్యాక కూడా మందును మరో మూడు నెలలు కొనసాగించి, తిరిగి నిర్ధారించుకోవాలి. స్కానింగ్‌కు అందని చిన్న ముక్కలే మళ్లీ విత్తనాలవుతాయి. కొలెస్టిరమిన్, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు ఈ మందును పేగులోనే పట్టేస్తాయి కాబట్టి వాటిలో దేన్నైనా దీంతో పాటు ఒకేసారి వేసుకుంటే ఫలితం సున్నా. అంతా సరిగా చేసినా ఐదేళ్లలో దాదాపు సగం మందికి రాళ్లు తిరిగొస్తాయి. నొప్పితో బాధపడేవారికి పిత్తాశయాన్ని తీసేయడమే ప్రామాణిక చికిత్సగా నిలవడం అందువల్లే. నొప్పి ఐదారు గంటలు దాటినా, జ్వరం గానీ పచ్చకామెర్లు గానీ తోడైనా కరిగించే మందు ఊసే వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు లేని రాళ్లకు సాధారణంగా ఏ చికిత్సా అక్కర్లేదు.

చిట్టెలుక నుంచి మనిషికి

జంతు పరిశోధన ఫలితాలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. చిట్టెలుక కాలేయంలో సీవైపీ2సీ70 అనే ఎంజైము ఉంటుంది. అది కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లాన్ని మ్యూరికోలిక్ ఆమ్లాలుగా మార్చేస్తుంది. అవి నీటితో బాగా కలిసే రకం, మనిషి పైత్యరసంలో ఉండవు. అందువల్ల మామూలు తిండి తిన్న చిట్టెలుకకు రాళ్లు రావు. వచ్చేలా చేయడానికి తిండిలో 1 శాతం కొలెస్ట్రాల్, అర శాతం కోలిక్ ఆమ్లం, 15 శాతం కొవ్వు కలపడం అలవాటు. కోలిక్ ఆమ్లమే స్వయంగా ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను తట్టి, కొలెస్ట్రాల్ శోషణను పెంచుతుంది. మనం పరిశీలించాలనుకున్న వ్యవస్థనే తిండి కలవరపెడుతుందన్నమాట. సీవైపీ2సీ70 తొలగించిన చిట్టెలుకల పైత్యరసం మనిషిదానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇప్పుడు వాటి వాడకం పెరుగుతోంది.

ప్రయోగశాలలో కృత్రిమ పైత్యరసం తయారీ కూడా అంత తేలిక కాదు. సోడియం టారోకోలేట్, గుడ్డు సొన లెసిథిన్, కొలెస్ట్రాల్‌ను క్లోరోఫాం, మెథనాల్ మిశ్రమంలో కరిగించి, నైట్రోజన్ వాయువు కింద ఆరబెట్టి, రాత్రంతా శూన్యంలో ఉంచాలి. తర్వాత 0.15 మోలార్ ఉప్పు ద్రావణంలో కలిపి, 55 నుంచి 60 డిగ్రీలకు వేడిచేసి, 0.22 మైక్రాన్ల వడపోతతో వడగట్టి, 37 డిగ్రీల వద్ద ఉంచి రోజూ ఒక చుక్కను సూక్ష్మదర్శినిలో చూడాలి. చల్లారాక వడగడితే అప్పటికే కొలెస్ట్రాల్ కొంత స్ఫటికమై వడపోతలో ఉండిపోతుంది. అసలు వడగట్టకపోతే కంటికి కనిపించని స్ఫటికాలు మిగిలి న్యూక్లియేషన్ సమయం తప్పుగా తగ్గుతుంది. లెసిథిన్‌కు గాలి తగిలి ఆక్సీకరణ చెందితే ఏ రెండు బ్యాచ్‌ల ఫలితాలూ కలవవు.

పిత్తాశయం పోయాక

పిత్తాశయాన్ని తీసేసినా బైల్ ఆమ్లాల చక్రం ఆగదు. నిల్వ చేసే చోటు లేదు కాబట్టి పైత్యరసం పేగులోకి నిరంతరం జారుతుంటుంది. కొందరిలో పెద్దపేగుకు ఎక్కువ బైల్ ఆమ్లం చేరి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. దీన్ని పసిగట్టే రెండు మార్గాలున్నాయి. రేడియోధార్మిక సెలీనియం తగిలించిన కృత్రిమ బైల్ ఆమ్లాన్ని మింగించి, ఏడో రోజున ఒంట్లో 15 శాతం కంటే తక్కువ మిగిలితే నష్టం ఎక్కువని అర్థం. రెండోది ఉపవాసంతో తీసిన రక్తంలో సీ4ను కొలవడం; బైల్ ఆమ్లాల తయారీలో మధ్యలో వచ్చే పదార్థం ఇది. సీవైపీ7ఏ1 ఎంత వేగంగా పనిచేస్తోందో అది నేరుగా చెబుతుంది. కాలేయం భర్తీకి పరుగులు తీస్తుంటే సీ4 పెరుగుతుంది.

చికిత్స మళ్లీ కొలెస్టిరమినే, సాధారణంగా 4 గ్రాముల పొట్లంతో మొదలు. మిగిలిన మందులను దానికి గంట ముందు గానీ, 4 నుంచి 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. దీర్ఘకాలం వాడేవారిలో ఏ, డీ, ఈ, కే విటమిన్ల శోషణ తగ్గవచ్చు. ట్రైగ్లిజరైడ్లు ముందే ఎక్కువగా ఉన్నవారిలో ఈ మందు వాటిని మరింత పెంచుతుంది కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి, కొన్ని వారాల తర్వాత మరోసారి వాటిని పరీక్షించాలి.